బీడీ కాలనీ ట్యాంకుకు ప్రశంసాపత్రం

మేడిగుట్ట పురపాలక సంఘం ఆఫీసులో అర్జీల సెక్షన్ నాది. పదహారేళ్ళుగా ఆ కుర్చీలో కూర్చున్నవాడిగా ముందే ఒక మాట చెప్పేస్తాను. కంప్యూటర్లో పేరుకున్న చెత్త తీసేస్తే మనసు తేలికపడుతుందన్న మాట అక్షరాలా నిజం. నేను తీశాను, నాకు తేలికపడింది. తర్వాత జరిగినదానికి ఆ మాటను తిట్టకండి. తిట్టాలంటే దానికి సర్క్యులర్ నంబరు వేసినవాళ్ళను తిట్టండి, పనిలో పనిగా నన్ను కూడా.

మా కమిషనర్ వనమాలి గారు ఏప్రిల్‌లో మూడు రోజుల శిక్షణకు వెళ్ళారు. విషయం డిజిటల్ చెత్త, మానసిక భారం. వెళ్ళేటప్పుడు ఆయన ఫోన్లో చదవని మెయిళ్ళు నలభై ఒక్క వేలు. తిరిగొచ్చేసరికి సున్నా. మనిషే మారిపోయారు. రోజూ కారు దిగుతూనే ఎవరో ఒకరిని కేకలేసే మనిషి, ఆ రోజు అటెండర్‌కు నవ్వుతూ నమస్కారం పెట్టారు. అటెండర్ హడలిపోయి రెండు రోజులు సెలవు పెట్టాడు.

మర్నాడే సర్క్యులర్ వచ్చింది. “పై విషయమును పురస్కరించుకొని సిబ్బంది యావన్మందికి తెలియజేయడమేమనగా, ప్రతి ఉద్యోగి తన కంప్యూటర్ తెరను నిర్మలముగా ఉంచుకొనవలెను. తెర నిర్మలముగా లేని ఉద్యోగి మనసు సైతము నిర్మలముగా లేనట్లు భావించి తగు చర్య తీసుకొనబడును.”

సరే, శుభ్రం చేశాం. నా కంప్యూటర్లో వార్డుల జాబితా అనే ఫైలు ఒకటి ఉండాలి. పద్నాలుగు ఉన్నాయి. వార్డుల జాబితా ఫైనల్, ఫైనల్ రెండు, అసలైన ఫైనల్, కమిషనర్ గారు చూసింది, కమిషనర్ గారు చూసి తిట్టింది. పదమూడు తీసేశాను. మా కంప్యూటర్ ఆపరేటర్ స్రవంతి రెండు వేల మూడు వందల శుభోదయం బొమ్మలు తీసేసింది. అన్నీ గులాబీలే. కంప్యూటర్లు ఆన్ చేస్తే టీ తాగి వచ్చేలోపు తెరుచుకునేవి కావు, ఇప్పుడు చిటికెలో తెరుచుకుంటున్నాయి. వెతికిన ఫైలు వెతికిన చోట దొరుకుతోంది. నిజంగా హాయిగా ఉంది. ఆ వారం నేను ఇంట్లో కూడా ఎవరినీ కసరలేదని మా ఆవిడ ఆశ్చర్యపోయింది.

అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! కానీ ఆఫీసన్నాక ఒక మంచి పని జరిగిందంటే దానికి టార్గెట్ పెట్టకుండా ఊరుకోరు కదా.

రెండో సర్క్యులర్‌లో పరీక్ష పెట్టారు. ప్రతి ఫైలునూ తెరవాలి. నిటారుగా కూర్చోవాలి. కుడిచేయి గుండెల మీద ఉంచుకుని తొమ్మిది శ్వాసలు తీసుకోవాలి. తొమ్మిదో శ్వాస పూర్తయ్యేసరికి ప్రశాంతత కలిగితే ఆ ఫైలును ఉంచాలి. ఆందోళన కలిగితే “తక్షణమే, శాశ్వతముగా, ఎట్టి జాడయు మిగులకుండ” తొలగించాలి. ఫలితాన్ని నూటికి మార్కులేసి ప్రశాంతతా రిజిస్టర్లో చేత్తో రాసి, మూడు ప్రతులు తీసి, మూడు చోట్ల భద్రపరచాలి. ఆ రిజిస్టర్ల కోసం రెండు బీరువాలు కొన్నారు.

నాది అర్జీల సెక్షన్ అని చెప్పాను కదా. పురపాలక సంఘానికి వచ్చిన అర్జీ చదివి ప్రశాంతంగా ఉండాలంటే మనిషి చచ్చిపోయి ఉండాలి, లేదా కమిషనర్ అయి ఉండాలి. నేను రెండూ కాను. మోరీ పొంగి ఇంట్లోకి వచ్చిందని ఒకరు, కుక్క కరిచిందని ఒకరు, నల్లాలో పురుగులొస్తున్నాయని ఇంకొకరు. ఏది తెరిచినా మూడో శ్వాసకే గుండె కొట్టుకునేది. తీసెయ్, తీసెయ్, తీసెయ్. కాగితం అర్జీలు స్కాన్ చేసి చించేసే పద్ధతి మాకు రెండేళ్ళుగా ఉంది కాబట్టి, కంప్యూటర్లోంచి పోయిందంటే ఇక లోకంలోంచి పోయినట్టే. నాలుగు రోజుల్లో నా సెక్షన్లో మిగిలినవి మూడు: పండగ సెలవుల జాబితా, పార్కులో ఫౌంటెన్ ప్రారంభించిన ఫొటోలు, రిటైరైన ఒక బిల్ కలెక్టర్ సన్మానపత్రం. ఆయన మీద విచారణ ఫైలు మాత్రం పోయింది. అది చూస్తే ఆయనకే ఆందోళన కలుగుతోందట.

అసిస్టెంట్ ఇంజనీర్ ఖాదర్ ఒక్కడు గొడవపడ్డాడు. మీటింగ్‌లోనే లేచి నిలబడ్డాడు.

“సార్, నేను ఇంజనీర్ని. పగుళ్ళ మీదనే నా రిపోర్టులన్నీ. పగుళ్ళ గురించి చదివితె ఎవరికి మాత్రం ప్రశాంతంగ ఉంటది?”

కమిషనర్ గారు కళ్ళు మూసుకుని, తెరిచి, చిరునవ్వు నవ్వారు. “ఖాదర్ గారూ, ఒక కట్టడంలో పగిలిన భాగం ఎంత, పగలని భాగం ఎంత? సమగ్ర దృష్టితో ఆలోచించండి. అధిక భాగం పగలలేదు కదా. అట్టి భాగమును గూర్చి నివేదిక సమర్పించండి.”

ఖాదర్ నా వైపు చూశాడు. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను.

ఇంతలో అండాలు వచ్చింది.

అండాలు బీడీ కాలనీ అంగన్‌వాడీ టీచర్. నలభై ఐదేళ్ళు ఉంటాయి. గొంతు పెద్దది. ఇరవై రెండు మంది పసిపిల్లల మధ్య రోజంతా మాట్లాడే మనిషికి అలాంటి గొంతే ఉంటుంది. ఆ అంగన్‌వాడీ గోడకు ఎనిమిది అడుగుల దూరంలో ఒక పాత నీళ్ళ ట్యాంకు ఉంది. ఆరు స్తంభాల మీద నలభై ఏళ్ళ కిందట కట్టింది. కొత్త పైపులైను పడ్డాక దాన్ని వాడటం మానేశాం, కూల్చడం మరిచాం. స్తంభాల్లోంచి తుప్పు పట్టిన సలాకలు బయటికొచ్చాయి. గాలి వీస్తే పెచ్చులు రాలతాయి. దాన్ని కూల్చమని ఆమె పదకొండు నెలల్లో పదకొండు అర్జీలిచ్చింది.

“నా అర్జీ ఏడిదాక వొచ్చింది సారూ?”

“ఏ అర్జీ?” అన్నాను.

“ఏ అర్జీ అంటవేంది? నెల నెలా నీ చేతులకే ఇస్తున్న గద. పదకొండు మాట్ల తిరిగిన.”

కంప్యూటర్లో వెతికినట్టు నటించాను. పదకొండూ ముందు రోజే తీసేశాను మరి. మొదటిది తెరిస్తే, “పిల్లలు అన్నం తినే జాగల పెచ్చులు పడుతున్నవి” అని ఉంది. రెండో శ్వాసకే నా గుండె దడదడలాడింది. మిగతా పదింటికీ శ్వాసలు కూడా తీసుకోలేదు, ఒకేసారి పట్టుకుని తీసి పారేశాను.

“నిబంధనల ప్రకారం తొలగించామమ్మా,” అన్నాను.

ఆమె మొహం వెలిగిపోయింది. “తీసేసిన్రా? ఎప్పుడు? నేను పొద్దున చూస్తె ఆడనే ఉండె గద ట్యాంకు!”

“ట్యాంకును కాదు. అర్జీలను.”

ఆమె చేతిసంచి నా బల్ల మీద పెట్టింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. “అర్జీలు తీసేసుడేంది సారూ?”

“అవి ఆందోళన కలిగిస్తున్నాయి.”

“ఎవలకు?”

“నాకు.”

“నీకు ఆందోళనైతె అర్జీ తీసేస్తివి. మరి మాకు ఆందోళనైతె ఏం తియ్యాలె? చెప్పు సారూ, ఏం తియ్యాలె?”

అర్జీ మళ్ళీ రాసి ఇమ్మన్నాను, కాకపోతే ఈసారి చదివినవాళ్ళకు ప్రశాంతత కలిగేలా రాయాలన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. “వానలు ముంగట్నే ఉన్నయి సారూ. ఈ మాటు గాలిదుమారమొస్తె అది నిలవడది. పోరగాండ్లు దాని కిందనే ఆడుతరు. నేను ఎంతమందినని పట్టుకుంట?” అంది. ఆ గొంతు ఆఫీసు మొత్తానికీ వినిపించింది. పక్క సెక్షన్లో ఎవరో తొమ్మిది శ్వాసలు తీసుకుంటున్న వాడు నాలుగో దగ్గర ఆపి, మళ్ళీ మొదలుపెట్టాడు.

ఇలాంటి కేకలు రోజూ పెరగడంతో కమిషనర్ గారు వరండాలో “అర్జీల ప్రశాంతీకరణ కేంద్రం” తెరిచారు. ఇరవై ఏళ్ళుగా మా ఆఫీసు మెట్ల దగ్గర కూర్చుని అర్జీలు రాసిపెట్టే రాజలింగాన్ని దానికి భాషా సహాయకుడిగా వేశారు. రాజలింగానికి విషయం చెప్పడమే ఆలస్యం, పదాలు వచ్చిపడేవి. జనం వచ్చి ఏడుస్తూ చెప్పేవాళ్ళు, అతను వింటూ చల్లగా రాసేవాడు.

“మా గల్లీలో దీపాలు లేనందున నక్షత్రములు మిక్కిలి స్పష్టముగా కనిపించుచున్నవి.”

“వర్షము వచ్చినప్పుడు మోరీ మా ఇంటిలోనికే వచ్చుచున్నందున నదీతీరమున నివసించు భాగ్యము కలుగుచున్నది.”

“మా వార్డు కుక్కలు మా అబ్బాయిని ఎంతగానో ఇష్టపడుచున్నవి. మొన్న వాడి పిక్కను వదలలేదు.”

నేను తొమ్మిది శ్వాసలు తీసుకునేవాణ్ణి. అన్నీ పాసయ్యేవి. నక్షత్రాల అర్జీ చదివినప్పుడు నాకు కునుకు కూడా పట్టింది.

అండాలు కోసం రాజలింగం రాసింది మాత్రం అతని పనితనానికి పరాకాష్ఠ. “బీడీ కాలనీలోని పాత నీళ్ళ ట్యాంకు ఎవరినీ ఏమియు అడుగక, బరువులన్నియు విడిచి, నిర్మలముగా నిలుచున్నది. దాని దేహము నుండి రాలు చిన్న చిన్న తునకలు పూలవలె పిల్లల మధ్య వాలుచున్నవి. అది త్వరలో భూమాత ఒడిలో విశ్రమించగోరుచున్నది. దయతో తమరు వచ్చి చూడ ప్రార్థన.” ఆమె వేలిముద్ర వేసే మనిషి కాదు, చదువుకున్నది. రెండుసార్లు చదివి, “గిందులనన్న ట్యాంకు కూలుతదని అర్థమైతదా?” అని అడిగింది. “వాళ్ళు చదువుకున్నోళ్ళక్కా, అర్థమైతది,” అన్నాడు రాజలింగం. ఆమె సంతకం పెట్టింది.

మూడు వారాల తర్వాత పోస్టులో ఆమెకు జవాబు వెళ్ళింది. ఆ మర్నాడే ఆమె దాన్ని పట్టుకుని మా ఆఫీసుకొచ్చింది. బంగారు రంగు అంచులున్న మందపాటి కాగితం. పైన ప్రశంసాపత్రం అని ఉంది. “మా పురపాలక సంఘ ఆస్తియైన నీళ్ళ ట్యాంకును గూర్చి తమరు వ్యక్తపరచిన హృదయపూర్వక ప్రశంసకు కృతజ్ఞతలు. తమ ఆశీస్సులతో సదరు ట్యాంకును యథాతథముగా కొనసాగింపగలము.” కింద కమిషనర్ గారి సంతకం.

“గిదేంది?” అంది అండాలు. ఒక్క మాటే. కాగితం నా బల్ల మీద పరిచింది.

స్రవంతి కంప్యూటర్ చూసి, భయంభయంగా చెప్పింది. “అక్కా, వచ్చినదాన్ని ఎక్కియ్యాలంటె ఇందుల రెండే గడులున్నయి. ఒకటి ఫిర్యాదు, ఒకటి ప్రశంస. మీరు రాసిన దాంట్ల ఫిర్యాదు ఏం లేదు. అందుకని ప్రశంసల ఎక్కింది.”

“ఫిర్యాదు ఉంటె తీసేస్తరు. లేకుంటె మెచ్చుకున్నట్టు రాసుకుంటరు. అంతేగద?”

“అంతే అక్కా,” అంది స్రవంతి, ఏడుపు మొహంతో.

“మీ చేతులు పడిపోను!” అని తిట్టి అండాలు వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఆమె మీద కాదు, ఎవరి మీదో నాకే తెలియలేదు. ఇంటికెళ్ళి మా ఆవిడ మీద చూపించాను.

నక్షత్రాల అర్జీ, కుక్కల అర్జీ, మోరీ అర్జీ అన్నీ అలాగే ప్రశంసల గడిలోకి ఎక్కాయి. మే నెలాఖరుకు మా పురపాలక సంఘానికి ఫిర్యాదులు సున్నా, ప్రశంసలు పదకొండు వందల నలభై. ఇంతటి లెక్క రాష్ట్రంలో మరెక్కడా లేదట. పైనుంచి ఫోన్ మీద ఫోన్. మేడిగుట్టను ప్రశాంత పట్టణంగా ప్రకటించే ముందు పురపాలక శాఖ అదనపు సంచాలకులు స్వయంగా వచ్చి చూస్తారన్నారు. పట్టణంలో అన్నిటికంటే ఎక్కువ ప్రశాంతత కలిగించిన చోటే సభ పెట్టాలని, అక్కడ అందరూ ఫోన్లు పక్కన పెట్టి మౌనంగా కూర్చోవాలని షరతు. స్రవంతి లెక్కలు తీసింది. తొమ్మిది శ్వాసల పరీక్షలో నూటికి తొంభై ఎనిమిది మార్కులు తెచ్చుకున్నది బీడీ కాలనీ ట్యాంకు.

ఆ సంగతి వినగానే కుర్చీలోంచి లేచాను. తిన్నగా కమిషనర్ గారి గదికి వెళ్ళాను. ఆయన బల్ల మీద ఏమీ లేదు. ఫోన్ లేదు, కంప్యూటర్ లేదు, పెన్ను కూడా లేదు. ఒక గులకరాయి ఉంది. ఆయన దాన్నే చూస్తున్నారు.

“సార్, ఆ ట్యాంకు విషయం...”

“అద్భుతమైన ఎంపిక కదా, విఠల్ గారూ!”

“సార్, అది ఎప్పుడు పడిపోతుందో...”

ఆయన చేయెత్తారు. “మీ నుదుట ముడత ఏర్పడినది. ముడతతో కూడిన సమాచారమును నేను స్వీకరించను. లిఖితపూర్వకముగా, ముడత లేకుండా సమర్పించండి.”

నోట్ రాశాను. “ట్యాంకు ప్రమాదకర స్థితిలో ఉన్నది. సభ అక్కడ తగదు.” గంటలో తిరిగొచ్చింది. “పదజాలము పునఃపరిశీలించవలెను” అని ఉంది. ఖాదర్ రిపోర్టును తోడు పెడదామని వెతికాను. పాతవి ఏనాడో పోయాయి. కొత్తది ఒకటే ఉంది. “ఆరు స్తంభములలో నాలుగు దృఢముగా ఉన్నవి,” అంతే. ఖాదర్‌ను అడిగితే, “మిగిలిన రెండింటి గురించి రాయనియ్యలే గద అన్నా,” అన్నాడు. మళ్ళీ నోట్ రాశాను. మళ్ళీ తిరిగొచ్చింది. మూడోసారి, సిగ్గు విడిచి, “ట్యాంకు విశ్రాంతి కోరుచున్నది” అని రాశాను. దాని మీద ఎర్రసిరాతో, “చక్కని భావన. ఆమోదించడమైనది. స్వాగతోపన్యాసమునందు వాడుకొనవచ్చును” అని వచ్చింది.

నాకింకా సర్వీసు ఆరేళ్ళుంది. నోరు మూసుకున్నాను.

జూన్ మొదటి సోమవారం ట్యాంకు కింద షామియానా వేశారు. తెల్లటి పరుపులు, తెల్లటి దిండ్లు. రాతల సందడి ఉండకూడదని బ్యానర్ కూడా ఖాళీగా తెల్లగానే కట్టారు. ప్రవేశం దగ్గర ఒక బకెట్, అందరూ ఫోన్లు అందులో వేయాలి. స్తంభాలకు పూలదండలు చుట్టారు. రెండు స్తంభాలకు మరీ దట్టంగా చుట్టారు, సలాకలు కనబడకుండా.

పదకొండు గంటలకు అదనపు సంచాలకులు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, చాలా నెమ్మదైన మనిషి. చుట్టూ చూసి, “బాలలు ఏరీ?” అని అడిగారు. “పూలవలె తునకలు వాలునది బాలల మధ్య కదా. వారు ముందు వరుసలో ఆసీనులైనచో ఛాయాచిత్రమునకు నిండుదనము వచ్చును.”

“తక్షణమే!” అన్నారు కమిషనర్ గారు. నలుగురు మనుషులు అంగన్‌వాడీ వైపు పరుగెత్తారు.

నేను వాళ్ళ కంటే ముందు పరుగెత్తాను. అండాలు తలుపుకు అడ్డంగా నిలబడి ఉంది. వెనక పిల్లలు గుడ్లప్పగించి చూస్తున్నారు. నేను గొంతు తగ్గించి, “పంపకమ్మా, ఏం చేసైనా సరే పంపకు,” అన్నాను.

“నువ్వు జెప్పాల్నా?” అంది. నన్ను పక్కకు నెట్టి, కమిషనర్ గారి దాకా నడిచి వెళ్ళింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. రెండు చేతులూ జోడించింది.

“సార్, పిల్లలను తీసుకొస్త. గని వాళ్ళు చిన్నోళ్ళు. ఒకడు ఏడిస్తె ఇరవై రెండు మందీ ఏడుస్తరు. ఒకడు ఒంటికి పోతనంటె అందరూ పోతమంటరు. మీ తొమ్మిది శ్వాసలు నడిమిట్లనే ఆగిపోతయి. మల్ల మీ ఇష్టం.”

కమిషనర్ గారు అదనపు సంచాలకుల వైపు చూశారు. అదనపు సంచాలకులు అంగన్‌వాడీ లోపలి నుంచి వినిపిస్తున్న పిల్లల గోల విన్నారు. ఆయన నెమ్మదైన మొహంలో మొదటిసారి చిరాకు కనిపించింది.

“బాలలను దూరముగా తరలించండి,” అన్నారు. “వీలైనంత దూరముగా.”

అండాలు అప్పటికే తలుపు తీసింది. పిల్లలు ఒకరి అంగీ ఒకరు పట్టుకుని వెనక గల్లీలోంచి పోయారు. ఆమె చివరివాణ్ణి చంకన వేసుకుంది. ఆ వరుస మలుపు తిరిగేదాకా నేను చూస్తూ నిలబడ్డాను.

తర్వాత మౌనం మొదలైంది. ఫోన్లన్నీ బకెట్లో ఉన్నాయి. అదనపు సంచాలకులు, కమిషనర్ గారు, కౌన్సిలర్లు గుండెల మీద చేతులేసుకుని కళ్ళు మూసుకున్నారు. నన్ను శ్వాసలు లెక్కపెట్టమన్నారు. ఒకటి, రెండు, మూడు. బాగా ఎండగా ఉంది. ఎక్కడినుంచో కాస్త గాలి వచ్చింది, మంచి గాలే. ఆరు అన్నాను. పైన ఏదో టక్కుమంది.

ఇటుకంత పెచ్చు ఒకటి షామియానా గుడ్డ చించుకుని వచ్చి, అదనపు సంచాలకులకూ కమిషనర్ గారికీ మధ్య ఉన్న దిండు మీద పడింది. దాని వెనక ఇంకో రెండు. ఎవరికీ దెబ్బ తగలలేదు, దేవుడి దయ. కానీ ఆ నెమ్మదైన పెద్దమనిషి అంత ఎత్తున ఎగరగలడని నేను అనుకోలేదు. పరుపులు తొక్కుకుంటూ, ఒకరి మీద ఒకరు పడుతూ, చెప్పులు వదిలేసి అందరూ రోడ్డు మీద పడ్డారు.

“కూల్చండి! ఇప్పుడే కూల్చండి! ఎవడ్రా దీన్ని ఇన్నాళ్ళు ఉంచింది?” అని కమిషనర్ గారు వెనకటి గొంతుతో కేకలేస్తున్నారు. ఆ గొంతు విని అటెండర్‌కు ప్రాణం లేచొచ్చింది.

నలభై నిమిషాల్లో కూల్చే మిషను వచ్చింది. సాయంత్రం ఐదుకల్లా ట్యాంకు నేల మీద ఉంది. పదకొండు నెలలు, పదకొండు అర్జీలతో కానిది ఆరు శ్వాసల్లో అయిపోయింది.

కథ ఇక్కడ అయిపోవాలి, కానీ ఆఫీసుంది కదా. మూడో రోజు పైనుంచి తాఖీదు వచ్చింది. పురపాలక ఆస్తిని కూల్చారు, దాని మీద ఒక్క ఫిర్యాదైనా రికార్డులో లేదు, ఉన్నది ప్రశంస ఒక్కటే, ఇందుకు బాధ్యులెవరు? కమిషనర్ గారు రాత్రంతా ఆలోచించి బాధ్యులను కనిపెట్టారు. నన్ను పిలిచి నోటీసు టైపు చేయమన్నారు.

“శ్రీమతి అండాలు గారికి. బీడీ కాలనీ ట్యాంకు నిర్మలముగా ఉన్నదని తమరు లిఖితపూర్వకముగా ధ్రువీకరించి ఉన్నారు. తమ మాటను విశ్వసించి ఉన్నతాధికారులు సదరు ట్యాంకు కింద ఆసీనులై ప్రాణాపాయమునకు లోనైనారు. తప్పుడు ప్రశంసతో అధికారులను మోసగించినందుకు తమను విధుల నుండి తొలగించుటకు ఏల సిఫార్సు చేయరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.”

టైపు చేశాను. పదహారేళ్ళుగా ఏది చెబితే అది టైపు చేస్తున్న వేళ్ళు, అవి ఆగలేదు. నోటీసు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. అండాలు పిల్లలకు అన్నం పెడుతోంది. ఎడంచేత్తో కాగితం పట్టుకుని చదివింది, గరిటె కింద పెట్టలేదు.

“సంజాయిషీ నన్ను రాయమంటున్రా?”

“అవునమ్మా. రాజలింగంతో రాయిస్తే...”

“నేను రాయ. నువ్వే రాయి.” ఈసారీ ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది. “ట్యాంకు కూలుతదని నీకు ఎర్కనే. అందరికంటె మొదలు నీకే ఎర్క. పిల్లలను పంపకని నా చెవుల చెప్పినవు గద. ఆ ముక్క ఎన్నడన్న కాయిదం మీద పెట్టినవా సారూ?”

నాకు కోపం వచ్చింది. నాకు ఆరేళ్ళ సర్వీసుంది, ఇంట్లో చదువుకునే పిల్లలున్నారు, మూడుసార్లు నోట్ పెట్టాను, అవన్నీ నోటిదాకా వచ్చాయి. ఒక చిన్న పిల్ల అన్నం తింటూ నన్నే చూస్తోంది. చెప్పులేసుకుని వచ్చేశాను.

ఆఫీసుకొచ్చి రాశాను. రాజలింగం భాషలో కాదు, మామూలుగా రాశాను. “ట్యాంకు కూలిపోతుందని అంగన్‌వాడీ టీచర్ అండాలు పదకొండు అర్జీలు ఇచ్చింది. పదకొండూ నేనే తీసేశాను. అవి చదివితే నాకు భయమేసింది. ప్రశంస అని మీరు అంటున్నది అర్జీయే. మాకు నచ్చేలా రాయమంటే అలా రాసింది. తప్పు ఆమెది కాదు, నాదీ, నాకు ఆ సర్క్యులర్ ఇచ్చినవాళ్ళదీ.” పేరు, హోదా, తేదీ వేసి సంతకం పెట్టి, ఒక కాపీ తాఖీదు పంపినవాళ్ళకు నేరుగా పోస్టు చేశాను.

నాలుగో రోజుకు నన్ను సస్పెండ్ చేశారు. కార్యాలయ ప్రశాంతతకు భంగం కలిగించాను అన్నది కారణం. అండాలు మీద నోటీసు వెనక్కి తీసుకున్నారు. ఒక కేసుకు ఒక దోషి దొరికితే మా ఆఫీసు రెండోవాణ్ణి వెతకదు.

సంగతి తెలిసి అండాలు మా ఇంటికొచ్చింది. మా ఆవిడ ఇచ్చిన కుర్చీ అంచున కూర్చుంది. ట్యాంకు ఉన్న జాగా చదును చేశారని, పిల్లలు ఇప్పుడు అక్కడే ఉరుకుతున్నారని చెప్పింది. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

“ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు సారూ. నువ్వు నిజం రాసినందుకు సస్పెండ్ చేసిన్రు. మరి నా పదకొండు అర్జీలు తీసేసినందుకు నీకేం శిక్ష లేదా?”

“లేదమ్మా,” అన్నాను. “దానికి పోయిన నెలలోనే ఉత్తమ ఉద్యోగి అని శాలువా కప్పారు.”

మా ఆవిడ టీ తెచ్చేలోపే ఆమె లేచి వెళ్ళిపోయింది. నేను తలెత్తి ఆమెను ఆగమనలేకపోయాను.